“సిట్ డౌన్, బాయ్” అంటే ఎందుకంత కోపం? నల్లజాతి అబ్బాయిల దృష్టిలో మగాడంటే ఎవరు?

ప్రశ్న క్లుప్తంగా ఇది. గుంటూరు నుంచి ఎక్స్ఛేంజ్ వీసా మీద అమెరికా వచ్చి, ఒక నగరపు ప్రభుత్వ పాఠశాలలో తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతున్న ఒక మాస్టారు అడిగారు. తరగతిలో ఎక్కువమంది నల్లజాతి పిల్లలు. అల్లరి చేస్తున్న పదిహేనేళ్ల అబ్బాయిని “సిట్ డౌన్, బాయ్” అని మందలించారట. ఆ అబ్బాయి లేచి నిలబడి “నేను మీ బాయ్‌ని కాను” అని, తలుపు ధడాలున వేసి వెళ్లిపోయాడట. “ప్రతి మాటకూ గౌరవం అంటారు, మగాడిని అంటారు. వీళ్లకు మగతనం అంటే కొట్లాట, డబ్బు, ఆడపిల్లలు, ఇంతేనా? వీళ్లతో ఎలా మెలగాలి?” అన్నది ఆయన ప్రశ్న.

మాస్టారూ, ముందు సూటిగా చెబుతాను. ఇంతే కాదు. నేను మేరీల్యాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్ నగరంలో పందొమ్మిదేళ్లుగా హైస్కూలు కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. “నీ లెక్కలో మగాడంటే ఎవరు?” అని నా గదికి వచ్చిన అబ్బాయిలను ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. ఎక్కువసార్లు విన్న జవాబు “తన వాళ్లను చూసుకునేవాడు”. ఆ తర్వాత “మాట మీద నిలబడేవాడు”, “ఎవరి దగ్గరా చెయ్యి చాచనివాడు”. కొట్లాట సంగతి కూడా వస్తుంది. అయితే దాన్ని వాళ్లు కోరుకునే పనిగా చెప్పరు, తప్పించుకోలేని పనిగా చెబుతారు. ఈ తేడా గమనించకపోతే ఆ పిల్లలు మనకు ఎప్పటికీ అర్థం కారు.

మీ ప్రశ్నలో “మగతనం” అన్న మాట దగ్గరే ఒక చిక్కు ఉంది. ఇంగ్లీషులో “మ్యాన్” అన్న ఒక్క మాటలో మనకున్న రెండు మాటలు ఇమిడి ఉన్నాయి: మనిషి, మగవాడు. 1968 ఫిబ్రవరిలో టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌లో ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు పారిశుధ్య కార్మికులు వాన పడుతుంటే చెత్త లారీ వెనుక భాగంలో తలదాచుకున్నారు. చెత్తను నొక్కే యంత్రం వాళ్లను నలిపేసింది. దాదాపు 1,300 మంది నల్లజాతి కార్మికులు పని మానేసి వీధుల్లోకి వచ్చారు. వాళ్లు పట్టుకున్న అట్టల మీద జీతం అంకె లేదు. “ఐ యామ్ ఎ మ్యాన్” అని మాత్రమే ఉంది. దాన్ని తెలుగులో ఎలా రాస్తారు? “నేను మనిషిని” అంటే సగమే వస్తుంది. “నేను మగవాడిని” అన్నా సగమే వస్తుంది. ఆ సమ్మెకు మద్దతుగా వెళ్లిన మార్టిన్ లూథర్ కింగ్‌ను ఏప్రిల్ 4న ఆ ఊళ్లోనే చంపేశారు.

తాత వయసు మనిషిని కూడా “బాయ్” అని పిలవడం బానిసత్వం నాటి అలవాటు. బానిసత్వం పోయినా, జాతివివక్ష చట్టాలు నడిచిన కాలమంతా అది సాగింది. పదేళ్ల తెల్ల పిల్లవాడు అరవై ఏళ్ల నల్లజాతి పెద్దాయనను అలా పిలవగలిగేవాడు. ఇది మనకు తెలియని సంగతి కాదు. తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో, వాడ నుంచి పనికి వచ్చిన తెల్లజుట్టు పెద్దాయనను ఆసామి మనవడు “ఒరేయ్” అని పిలవడం నేను కళ్లారా చూశాను. ఆయన తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని “అయ్యా” అన్నాడు. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు. ఆ “ఒరేయ్”లో ఏముందో మీకు తెలుసు కదా! మీ తరగతిలోని అబ్బాయికి “బాయ్” అన్న మాటలో అదే వినిపించింది. మీరు ఆ ఉద్దేశంతో అనలేదని నాకు తెలుసు. మన బళ్లలో మాస్టార్లు ఆప్యాయంగా కూడా “గుడ్ బాయ్” అంటారు. ఇక్కడ మాత్రం ఆ మాట నోటి నుంచి రాకూడదు. నేను కూడా మొదటి సంవత్సరం అలాగే నోరు జారాను. ఒక అమ్మమ్మ బడికి వచ్చి, తలుపు వేసి, ఎదురుగా కూర్చుని నాకు ఈ చరిత్ర చెప్పింది. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు.

బాల్టిమోర్ పిల్లలకు ఇది పుస్తకంలోని విషయం కాదు. బానిసత్వం మీద జీవితమంతా పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ బానిస బాలుడిగా ఈ ఊరి రేవు వీధుల్లోనే పెరిగాడు. పేద తెల్ల పిల్లలకు రొట్టె ముక్కలు ఇచ్చి, బదులుగా వాళ్ల దగ్గర చదువు నేర్చుకున్నాడు. తర్వాత మేరీల్యాండ్ పల్లెకు పంపినప్పుడు, బానిసలను కొట్టి లొంగదీయడమే పనిగా పెట్టుకున్న కోవీ అనే రైతు మీద తిరగబడ్డాడు. అప్పటికి అతనికి పదహారేళ్లు. తాను మనిషినన్న స్పృహ ఆ రోజే తనలో మళ్లీ మేలుకుందని తర్వాత రాసుకున్నాడు. పదహారేళ్లంటే మీ తరగతి పిల్లల వయసు. ఈ పాఠం చెప్పినప్పుడు మా పిల్లలు కోవీ కథకు చప్పట్లు కొడతారు. నాకు మాత్రం రొట్టె ముక్కల సంగతి ఇంకా ఇష్టం. ఆకలిగా ఉన్న పిల్లలకు రొట్టె పెట్టి, తను అక్షరాలు సంపాదించుకున్నాడు.

ఇప్పుడు దీనికి రెండో వైపు చూడండి. పెద్దవాళ్లను “బాయ్” అని చిన్నచేసిన సమాజమే చిన్నపిల్లలను పెద్ద మగవాళ్లలా చూస్తుంది. 2014 నవంబరులో క్లీవ్‌ల్యాండ్‌లో తమీర్ రైస్ అనే పిల్లవాడు పార్కులో బొమ్మ తుపాకీతో ఆడుకుంటుంటే పోలీసు కాల్చాడు. పిల్లవాడికి పన్నెండేళ్లు. కాల్పుల తర్వాత రేడియోలో పోలీసులు చెప్పిన వయసు “బహుశా ఇరవై”. అదే ఏడాది ఫిలిప్ గాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఒక పరిశోధన ప్రచురించింది. నేరం చేశారని చెప్పి చూపించిన నల్లజాతి అబ్బాయిల ఫొటోలు చూసినవాళ్లు వాళ్ల వయసును సగటున నాలుగున్నర ఏళ్లు ఎక్కువగా అంచనా వేశారు. పదేళ్లు దాటినప్పటి నుంచీ ఆ పిల్లలు మిగతా పిల్లలంత అమాయకులుగా కనిపించడం లేదని కూడా తేలింది. బడిలోనూ అంతే. 2013-14 లెక్కల ప్రకారం ప్రభుత్వ పాఠశాలల్లో నల్లజాతి విద్యార్థులు 15.5 శాతం. సస్పెండ్ అయినవాళ్లలో మాత్రం దాదాపు 39 శాతం.

పిల్లవాడిగా ఉండనివ్వరు, పెద్దవాడికిచ్చే మర్యాదా ఇవ్వరు. ఆ అబ్బాయిలు మగాడు కావడం గురించి ఆలోచించేది ఈ ఇరుకులో నిలబడి. నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క వాక్యం చుట్టూనే తిరుగుతుంది.

ఒక అబ్బాయి సంగతి చెబుతాను. గుర్తు పట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. పద్నాలుగేళ్లవాడు. దాదాపు రోజూ మొదటి పీరియడ్‌కు ఇరవై నిమిషాలు ఆలస్యం. మూడు వారాల్లో పదకొండు ఆలస్యాలయ్యాయి. “బాధ్యత లేదు” అని ఉపాధ్యాయుడు రాసి నా దగ్గరకు పంపాడు. ఏమడిగినా భుజాలు ఎగరేశాడు. వెళ్లబోతూ సంచీలోంచి ఏదో తీస్తుంటే చిన్న గులాబీరంగు రబ్బరు బ్యాండ్లు, పళ్ల దువ్వెన కింద పడ్డాయి. వాటిని నాకంటే ముందే తీసి జేబులో వేసుకున్నాడు. అడిగితే చాలాసేపటికి చెప్పాడు. అమ్మ నర్సింగ్ హోంలో రాత్రి పని. ఉదయం ఎనిమిది దాటితే గానీ ఇంటికి రాదు. ఆరేళ్ల చెల్లెలికి జడలు వేసి, పాలు, సీరియల్ పెట్టి, బడిలో దింపి, రెండు బస్సులు మారి రావాలి. “అల్లిన జడ ఊడిపోతే వాళ్ల టీచర్ అమ్మను తప్పుపడుతుంది మిస్, అందుకే గట్టిగా అల్లాలి” అన్నాడు. మరి ఈ మాట ఆ ఉపాధ్యాయుడికి ఎందుకు చెప్పలేదు? “ఇంటి సంగతి ఇంట్లోనే ఉండాలి” అని జవాబు. బయట చెబితే పిల్లల సంక్షేమ శాఖ వాళ్లు వచ్చి చెల్లెలిని తీసుకుపోతారేమోనని వాడి భయం.

బాధ్యత లేదని రాసినప్పుడు ఆ అబ్బాయి మోస్తున్నదంతా బాధ్యతే. ఎనిమిదో ఏటే “ఇకనుంచి ఇంటికి మగదిక్కు నువ్వే” అని వాడికి చెప్పారు. మన ఇళ్లలోనూ తండ్రి పోయిన పిల్లవాడి తల నిమిరి ఇదే మాట అంటాం. ఎంత ప్రేమతో అన్నా అది చిన్న భుజాల మీద పెద్ద మూట. అయినా ఆ మూట వాడికి గర్వంగానూ ఉంటుంది. ఈ రెండూ నిజమే. చెల్లెలి జడ వేయగలగడం తనను మగాడిని చేసిందని వాడు అనుకుంటాడు. బడి మాత్రం వాడిని ఆలస్యంగా వచ్చే పోకిరీగా చూస్తుంది.

ఇది నా ఒక్కదాని అనుభవమే కాదు. 1990ల తొలినాళ్లలో ఆండ్రియా హంటర్, జేమ్స్ ఎర్ల్ డేవిస్ అనే పరిశోధకులు న్యూయార్క్ రాష్ట్రంలో నల్లజాతి పురుషులను మగతనం గురించి అడిగారు. తన జీవితానికి తానే జవాబుదారీ కావడం, కుటుంబం, ఆత్మాభిమానం, దైవచింతన అన్నవి ముందుకు వచ్చాయి. మా ఊళ్లో ఆదివారం చర్చికి వెళ్లే తాతయ్యలు ఈ నాలుగూ వరుసగా చెప్పేస్తారు.

ఇక డబ్బు. మీరు డబ్బు పిచ్చి అనుకుంటున్నది చాలాసార్లు అమ్మ ఫోను బిల్లు. బాల్టిమోర్ కూడళ్లలో సిగ్నల్ పడగానే కార్ల అద్దాలు తుడిచే అబ్బాయిలు ఉండేవారు. 2023 జనవరి నుంచి నగరం కొన్ని ప్రధాన కూడళ్లలో దాన్ని ఆపింది. నా దగ్గరకు వచ్చే ఒకడు మధ్యాహ్నం పూట బడి ఎగ్గొట్టి ఆ పనికి పోయేవాడు. ఒక రోజు నా బల్ల మీద ఆ రోజు సంపాదన పరిచి లెక్కపెట్టాడు. నలిగి, తడిసి, సబ్బు వాసన వేస్తున్న ఒక డాలరు నోట్లు. ఒక్కొక్కటీ బల్ల అంచుకు రాసి సాపు చేస్తూ నలభై ఒకటి లెక్కపెట్టాడు. “ఇది అమ్మది” అని ముప్పై పక్కన పెట్టాడు. మిగతా పదకొండు తనవి. వాటితో బూట్లు కొంటానన్నాడు. ఆ బూట్లనే మనవాళ్లు చూసి “తిండికి లేకపోయినా తెల్ల బూట్లు కావాలి వీళ్లకు” అంటారు. పాత టూత్‌బ్రష్‌తో వాడు ఆ బూట్ల అంచులు తోముకునే శ్రద్ధ చూస్తే ఆ మాట అనలేం. తనను అందరూ మురికిగా చూస్తారని తెలిసిన పిల్లవాడు కాళ్లను తెల్లగా ఉంచుకుంటున్నాడు.

వాళ్ల తాతల కాలంలో సంపాదించే మగాడు కావడానికి ఒక దారి ఉండేది. ఊరి చివర స్పారోస్ పాయింట్ ఉక్కు కర్మాగారంలో ఒకప్పుడు సుమారు 30,000 మంది పనిచేశారు. నల్లజాతి కార్మికులకు అక్కడ వేడి, మురికి ఎక్కువుండే పనులే దక్కేవి. అయినా ఆ జీతంతో ఇల్లు కొని పిల్లలను చదివించినవాళ్లు ఉన్నారు. 2012లో అది పూర్తిగా మూతపడింది. ఇప్పుడు అదే స్థలంలో గోదాములు ఉన్నాయి. తాత చూపిన దారి మనవడికి లేదు. కానీ తాత పెట్టిన కొలత మాత్రం మిగిలింది: ఇల్లు నడిపినవాడే మగాడు. దారి పోయి కొలత మిగిలితే పదిహేనేళ్ల పిల్లవాడు ఏం చేస్తాడు? కొందరు అద్దాలు తుడుస్తారు. కొందరు మూలమలుపు దగ్గర మత్తు సరుకు అమ్ముతారు. ఎక్కువమంది ఏమీ దొరక్క, ఆ ఏమీ లేకపోవడాన్ని దాచుకుంటారు.

ఆ దాపరికాన్నే మనం పొగరు అంటాం. తెలుగులో దీనికి “బింకం” అని చక్కటి మాట ఉంది. లోపల వణుకుతున్నా పైకి బిగదీసుకుని నిలబడటం. ముఖం కదలదు, చూపు నిలకడగా ఉంటుంది, నడక తొందరపడదు. ఇక్కడి పరిశోధకులు మూడు దశాబ్దాలకు పైగా దీని గురించి రాస్తున్నారు. ఫిలడెల్ఫియా వీధులను ఏళ్ల తరబడి గమనించిన సమాజ శాస్త్రవేత్త ఎలైజా ఆండర్సన్ చెప్పిన కారణం నాకు చాలా సరైనదనిపిస్తుంది. పిలిస్తే పోలీసులు వస్తారో రారో, వస్తే ఎవరిని పట్టుకుంటారో తెలియని చోట, “వీడి జోలికి పోవద్దు” అన్న పేరే రక్షణ. అక్కడ గౌరవం అలంకారం కాదు, కవచం. అందరి ముందు ఒక్కసారి మాట పడితే రేపు బస్టాపులో ఇంకొకడు చెయ్యి వేస్తాడు. పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ల నల్లజాతి అబ్బాయిల మరణాలకు ఈ దేశంలో మొదటి కారణం హత్య. ఈ సంగతి ఆ పిల్లలకు గణాంకాల్లోంచి తెలియలేదు. స్నేహితుల అంత్యక్రియల్లో తెలిసింది.

చనిపోయినవాడి ఫొటో అచ్చువేసిన టీషర్టు వేసుకుని పిల్లలు బడికి వస్తారు. ఒకసారి అలా వచ్చిన పదహారేళ్లవాడు నా గదిలోకి వచ్చి, తలుపు వేయమన్నాడు. కిటికీకి తెర వేయమన్నాడు. తర్వాత కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. వాడి వీపు మాత్రమే నాకు కనిపించింది. నలభై నిమిషాలు ఒక్క మాట లేదు. వీపు కదులుతూనే ఉంది. గంట కొట్టగానే లేచి, చొక్కా చేతితో ముఖం తుడుచుకుని, తలుపు దగ్గర ఆగి, ఊపిరి పీల్చి, ఆ బింకాన్ని మళ్లీ ముఖం మీదికి తెచ్చుకోవడం నేను చూశాను. కోటు తొడుక్కున్నంత తేలిగ్గా తొడుక్కున్నాడు. ఆ తర్వాత నుంచి నా గదిలో ఒక కుర్చీని గోడవైపు తిప్పే ఉంచాను. ఎవరూ దాని గురించి అడగరు. అందరికీ తెలుసు.

న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో నియోబీ వే అనే పరిశోధకురాలు నల్లజాతి, లాటినో, ఆసియా అబ్బాయిల స్నేహాల మీద చాలా ఏళ్లు పనిచేశారు. పదమూడు, పద్నాలుగేళ్లప్పుడు వాళ్లు ప్రాణస్నేహితుడి గురించి ఎంత ప్రేమగా, బాహాటంగా మాట్లాడతారో, పదహారు, పదిహేడుకు వచ్చేసరికి ఆ స్నేహాలు ఎలా దూరమవుతాయో ఆమె చూపించారు. నేనూ అదే చూస్తాను. తొమ్మిదో తరగతిలో ఒకడి భుజం మీద ఒకడు పడి నవ్వేవాళ్లు పదకొండులో “ఎవరినీ నమ్మకూడదు మిస్” అంటారు. మీ చేతిలో ఉన్నది తొమ్మిదో తరగతి మాస్టారూ. వాళ్ల మనసు తలుపు ఇంకా కొంచెం తెరిచి ఉండే ఏడాది అది.

తండ్రుల గురించి ఒక మాట చెప్పాలి. ఎందుకంటే మన విందుల్లో “వీళ్లకు తండ్రులే ఉండరు” అనే మాట పప్పన్నంలో నెయ్యంత తేలిగ్గా వడ్డిస్తారు. విడిగా ఉంటున్న తండ్రులు ఎక్కువన్నది నిజం. విడిగా ఉన్న తండ్రి లేని తండ్రి కాదు. ఇక కలిసి ఉంటున్న తండ్రుల సంగతి: 2006-10 మధ్య ప్రభుత్వ ఆరోగ్య గణాంక సంస్థ చేసిన సర్వేలో, అయిదేళ్ల లోపు పిల్లలకు స్నానం, బట్టలు, డైపర్ల పని రోజూ చేస్తున్నవాళ్లు నల్లజాతి తండ్రుల్లో దాదాపు 70 శాతం, తెల్లజాతి తండ్రుల్లో 60 శాతం. మన మగవాళ్లు ఈ ప్రశ్నకు ఎన్ని మార్కులు తెచ్చుకుంటారో ఆలోచించండి. 2018లో ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం కోట్ల మంది ఆదాయాల లెక్కలు తీసి చూపించింది మరీ ముఖ్యం. ఒకే వీధిలో, ఒకే ఆదాయం ఉన్న ఇళ్లలో పెరిగినా నల్లజాతి అబ్బాయిలు పెద్దయ్యాక తెల్ల అబ్బాయిలకంటే తక్కువ సంపాదిస్తున్నారు. ఆ తేడా తక్కువగా ఉన్న చోట్ల ఒక పోలిక కనిపించింది: ఆ పేటలో నల్లజాతి తండ్రులు ఎక్కువమంది ఉండటం. సొంత తండ్రి ఉన్నాడా లేదా అన్నదే కాదు, వీధిలో తండ్రులు కనిపిస్తున్నారా అన్నది కూడా లెక్కలోకి వచ్చింది. మంగలి షాపులో కూర్చున్న పెద్దాయన, చర్చి బస్సు నడిపే డీకన్, బాస్కెట్‌బాల్ కోచ్, వీళ్లంతా ఆ పిల్లలకు నడిచే పాఠాలు.

ఇక, నేను దాచకూడని సంగతులు. ఈ మగతనపు కొలతలో చెడ్డ భాగం ఉంది. దాని బరువు ఎక్కువగా ఆడపిల్లల మీద పడుతుంది. ఇంటి బాధ్యత మోసే అబ్బాయిని గర్వంగా చూస్తాం, అదే మోసే అక్కను మామూలుగా చూస్తాం. అమ్మ కోసం ప్రాణం పెట్టేవాడే తోటి అమ్మాయిని నలుగురిలో హీనంగా మాట్లాడటం నేను విన్నాను. విన్న ప్రతిసారీ ఆపాను. మెత్తగా ఉండే అబ్బాయిలకు, అబ్బాయిలను ఇష్టపడే అబ్బాయిలకు ఇది నరకం. వయొలిన్ వాయించే ఒక పిల్లవాడు దాని పెట్టెను పెద్ద క్రీడల సంచీలో దాచి బస్సెక్కేవాడు. చరిత్ర చెప్పి ఇవన్నీ క్షమించమని నేను అడగను. కారణం తెలుసుకుంటే ఎక్కడ చెయ్యి వేయాలో తెలుస్తుంది, అంతవరకే.

ఇంకొకటి. నేను చెప్పేది పేద పేటల పిల్లల గురించి. నలభై నిమిషాల దూరంలో ప్రిన్స్ జార్జెస్ కౌంటీలో డాక్టర్ల, లాయర్ల, ఫెడరల్ ఉద్యోగుల నల్లజాతి పిల్లలు ఉన్నారు. ఇథియోపియా, నైజీరియా, జమైకా నుంచి వచ్చిన కుటుంబాలున్నాయి. ఆ ఇళ్లలో మగాడంటే మొదట డిగ్రీ. అందరినీ ఒకే గాటన కట్టవద్దు. అయితే రోడ్డు మీద పోలీసు ఆపినప్పుడు ఈ తేడాలేవీ పనిచేయవని ఆ తల్లిదండ్రులందరికీ తెలుసు. అందుకే ఏ ఇంట్లోనైనా కొడుకుకు మీసం రాకముందే ఆ పాఠం చెబుతారు: చేతులు కనిపించేలా ఉంచు, గొంతు పెంచకు, అడగకుండా జేబులో చెయ్యి పెట్టకు. 2015 ఏప్రిల్‌లో మా ఊళ్లో ఫ్రెడ్డీ గ్రే అనే నల్లజాతి యువకుడు పోలీసు వ్యానులో గాయపడి చనిపోయిన వారం, నా గదిలో నలుగురు అబ్బాయిలు చేతులు ఎక్కడ పెట్టాలో ఒకరికొకరు చూపించుకున్నారు. ఒకడు పోలీసు, ఒకడు డ్రైవరు. నవ్వుతూ మొదలుపెట్టారు. రెండోసారి చేసినప్పుడు ఎవరూ నవ్వలేదు. బయట తలవంచకపోతే ప్రాణం పోవచ్చు, పేటలో తలవంచితే ప్రాణం పోవచ్చు. ఈ రెండింటి మధ్య మగాడు కావాలి.

ఎలా మెలగాలి అని అడిగారు కదా. షికాగోలో “బికమింగ్ ఎ మ్యాన్” అనే కార్యక్రమం ఉంది. వారానికోసారి అబ్బాయిలు ఒక పెద్దవాడితో గుండ్రంగా కూర్చుంటారు. మొదటి రోజుల్లో ఒక ఆట ఆడిస్తారు. ఇద్దరిలో ఒకడి పిడికిట్లో బంతి పెట్టి, రెండోవాడిని ముప్పై సెకన్లలో దాన్ని తీసుకోమంటారు. దాదాపు అందరూ పిడికిలి విడదీయడానికి కుస్తీ పడతారు. “బంతి ఇస్తావా అని ఎందుకు అడగలేదు?” అంటే, “అడిగితే నన్ను పిరికివాడనుకుంటాడు” అంటారు. బంతి పట్టుకున్నవాడిని అడిగితే, “అడిగితే ఇచ్చేవాడిని, ఉత్త బంతే కదా” అంటాడు. షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు చీటీలు తీసినట్టు పిల్లలను ఎంపిక చేసి పరీక్షిస్తే, కార్యక్రమం నడిచిన కాలంలో హింసాత్మక నేరాల అరెస్టులు దాదాపు సగానికి తగ్గాయి. కార్యక్రమం ముగిశాక అరెస్టుల మీద ఆ ప్రభావం నిలవలేదని కూడా వాళ్లే రాశారు. నా అనుభవమూ అదే. వారానికి గంట మాట్లాడి వదిలేస్తే చాలదు, మనిషి అక్కడే ఉండాలి.

నేను ఈ ఆటను మా బడిలో ఆడించాను. ఫలితం అచ్చంగా అలాగే వచ్చింది. ఒక్క అబ్బాయి మాత్రం “ప్లీజ్, ఇవ్వగలవా” అన్నాడు. జడలు అల్లే అబ్బాయి. ఆరేళ్ల చెల్లెలి దగ్గర రోజూ బేరమాడేవాడికి అడగడం అలవాటే.

మా ఊళ్లో ఇంకా కొద్దిమంది గుర్రపుబండి మీద పళ్లు, కూరలు అమ్ముతారు. వాళ్లను అరాబర్లు అంటారు. అమెరికా అంతర్యుద్ధం తర్వాత నల్లజాతి మగవాళ్లు నిలబెట్టుకున్న వృత్తి అది. సస్పెన్షన్ల మీద సస్పెన్షన్లు తెచ్చుకున్న ఒకడు ఆ గుర్రపుశాలకు పోవడం మొదలుపెట్టాడు. ఒకసారి చూడటానికి వెళ్లాను. గుర్రం కాలు తన మోకాళ్ల మధ్య పెట్టుకుని, కొక్కెంతో గిట్టలోని మట్టి, రాళ్లు తీస్తున్నాడు. పక్కనున్న ముసలాయన “మెల్లగా” అని ఒక్క మాట అన్నాడు. తరగతిలో ఆ మాట మేమంటే కుర్చీ తన్నేవాడు. అక్కడ వెంటనే చెయ్యి నెమ్మదించింది. ఎందుకని దారిలో అడిగాను. “ఆయన నాకు గుర్రాన్ని అప్పజెప్పాడు మిస్” అన్నాడు. బెదిరించి, గొంతు పెంచి గుర్రం కాలు ఎత్తించలేం. తనంతట అది ఎత్తాలి. అది వాడికి ఎవరూ ఉపన్యాసంగా చెప్పలేదు.

తమలాంటి మనిషి ఎదురుగా ఉండటం కూడా ముఖ్యమే. ఉత్తర కరోలినా రికార్డులతో చేసిన ఒక అధ్యయనం 2017లో వచ్చింది. మూడు నుంచి అయిదో తరగతి మధ్య ఒక్క నల్లజాతి ఉపాధ్యాయుడో ఉపాధ్యాయురాలో ఉన్నా, బాగా పేదలైన నల్లజాతి అబ్బాయిలు హైస్కూలు మధ్యలో మానేసే అవకాశం 39 శాతం తగ్గింది. మీరూ నేనూ ఆ మనుషులం కాలేం. మన బడిలో ఉన్న అలాంటి మనుషులను గుర్తించి, పిల్లలను వాళ్ల దగ్గరికి చేర్చగలం. కాపలా మనిషి కావచ్చు, వంటగదిలోని పెద్దాయన కావచ్చు. హోదా చూడకండి.

మీ తరగతి సంగతికి వస్తాను. అందరి ముందు మందలించకండి. బల్ల దగ్గరికి వెళ్లి, పక్కన వంగి, నెమ్మదిగా చెప్పండి. అందరి ముందు చెబితే ఆ అబ్బాయికి రెండే దారులు మిగులుతాయి: మీకు ఎదురు తిరగడం, లేదా తోటివాళ్లలో పలుచన కావడం. ఏది ఎంచుకుంటాడో మీరు చూశారు. ఆలస్యానికి, హోంవర్కుకు శిక్ష వేసే ముందు ఒక్కసారి విడిగా కారణం అడగండి. మొదటిసారి చెప్పడు, మళ్లీ అడగండి. “మగాడిలా ఉండు” అని పొరపాటున కూడా అనవద్దు. పుట్టినప్పటి నుంచీ వాడు వింటున్నది అదే. చేతికి ఏదైనా పని అప్పగించండి. కాగితాలు పంచడం లాంటిది కాదు, నిజంగా అవసరమైనది. వెనకబడిన ఒక పిల్లవాడికి భిన్నాలు నేర్పే పని ఇవ్వండి. లెక్క తప్పితే నవ్వే తరగతిలో చెయ్యెత్తడం ఈ పిల్లలకు చాలా ఖరీదైన పని. కాబట్టి తప్పు జవాబు చెప్పినవాడి పరువు ముందు మీరు కాపాడండి.

ఇక ఆ అబ్బాయికి మీరు క్షమాపణ చెప్పాలి. సోమవారం మొదటి గంటకు ముందు, వరండాలో, ఎవరూ లేనప్పుడు. పొడుగ్గా వద్దు, మీ దేశం, మీ అలవాట్లు అంటూ వివరణ వద్దు. “నేను అన్న మాట తప్పు. దాని అర్థం నాకు తెలిసింది. ఇకపై అనను” అని పేరుపెట్టి చెప్పండి. పేరు సరిగ్గా పలకండి, ముందే రెండుసార్లు చదువుకుని వెళ్లండి. అతను మీ కళ్లలోకి చూడకపోవచ్చు. భుజం ఎగరేసి “సరే” అని లోపలికి వెళ్లిపోతాడు. అంతకంటే ఆశించకండి. తలుపు వేసుకోకుండా వెళ్లాడా, వేసుకుని వెళ్లాడా అన్నది మాత్రం గమనించి, వీలైతే ఇక్కడ రాయండి.